మూడుసార్లు చెప్పినా ఆగని విమానం: ఆఫీసు గొడవలకు కాక్‌పిట్ పాఠాలు

2010 మే 22 ఉదయం ఆరు గంటలప్పుడు, దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812 విమానం మంగళూరులో దిగబోతోంది. ఆ దూరంలో ఉండాల్సిన ఎత్తు కంటే చాలా పైన ఉంది. చాలా ఎత్తులో ఉన్నామని, రన్‌వే తిన్నగా కిందే ఉందని కోపైలట్ అన్నాడు. కెప్టెన్ ‘ఓ మై గాడ్’ అని, ఆటోపైలట్ తీసేసి విమానాన్ని వేగంగా కిందికి దించడం మొదలుపెట్టాడు. ‘గో అరౌండ్?’ అని కోపైలట్ అడిగాడు. అంటే ఈసారికి దిగడం మానేసి, పైకి లేచి, ఒక చుట్టు తిరిగొచ్చి మళ్లీ ప్రయత్నిద్దామా అని. ఆ ప్రశ్నకు సూటి జవాబు రాలేదు. కాసేపటికి మళ్లీ అన్నాడు, ఈసారి ప్రశ్నలా కాదు. మొత్తం మూడుసార్లు అన్నాడు. విమానంలోని హెచ్చరిక యంత్రం కూడా అరుస్తూనే ఉంది. కెప్టెన్ ఆగలేదు.

మంగళూరుది కొండ నెత్తిన చదును చేసి కట్టిన రన్‌వే. దాని పొడవు సుమారు 8,000 అడుగులు. విమానం చక్రాలు నేలను తాకేసరికే 5,200 అడుగులు వెనకబడిపోయాయి. మిగిలినది చాలక విమానం అంచు దాటి లోయలో పడింది. 166 మందిలో 158 మంది చనిపోయారు.

దీన్ని విమాన ప్రమాదంగానే చదువుతాం. కానీ వాయిస్ రికార్డర్‌లో ఉన్నది ఒక ఉద్యోగ స్థలంలో ఇద్దరు సహోద్యోగుల మధ్య అభిప్రాయ భేదం. జూనియర్‌కు ప్రమాదం కనిపించింది, చెప్పాడు. సీనియర్‌కు పది వేల గంటలకు పైగా అనుభవం ఉంది, వినలేదు. ఎయిర్ మార్షల్ గోఖలే ఆధ్వర్యంలోని విచారణ సంఘం కెప్టెన్ నిర్ణయాన్నే ప్రధాన కారణంగా తేల్చింది. అయితే నివేదికలో మరో మాట కూడా ఉంది. కోపైలట్ పదే పదే చెప్పినా కంట్రోల్స్ తన చేతిలోకి ఎందుకు తీసుకోలేదన్న ప్రశ్నకు, గో అరౌండ్ మొదలుపెట్టే అధికారం కోపైలట్‌కు ఉందా లేదా అన్న విషయంలో నిబంధనల్లోనే స్పష్టత లేకపోవడం బహుశా కారణమై ఉండొచ్చని అందులో రాశారు. అంటే చెప్పే స్వేచ్ఛ అతనికి ఉంది. చెప్పినది అమలు చేసే హక్కు ఉందో లేదో ఎవరూ తేల్చి చెప్పలేదు.

ఆఫీసుల్లో గొడవల గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్లు దాదాపుగా మనుషుల స్వభావాల దగ్గరే ఆగిపోతారు. ఫలానా మేనేజర్ కోపిష్టి, ఫలానా అమ్మాయి సున్నితం, ఫలానా అతనికి ఈగో. దానికి తగ్గట్టే మందు కూడా: ఓర్పు పెంచుకోండి, పాజిటివ్‌గా ఉండండి, ఊపిరి గట్టిగా పీల్చండి. విమానయాన రంగం కూడా సరిగ్గా ఇక్కడి నుంచే మొదలైంది. అక్కడి నుంచి బయటపడటానికి దానికి చాలా ఏళ్లు పట్టింది, చాలా ప్రాణాలు పోయాయి. ఆ దారి తెలుసుకుంటే మిగతా ఉద్యోగాలవాళ్లకు కొంత శ్రమ తగ్గుతుంది.

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరీఫ్ దీవిలో రెండు జంబో జెట్లు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. పొగమంచులో టేకాఫ్ మొదలుపెట్టిన డచ్ విమాన సంస్థ కేఎల్ఎం కెప్టెన్ ఆ సంస్థలో పైలట్లకు శిక్షణ ఇచ్చే పెద్ద మనిషి, కంపెనీ ప్రకటనల్లో కనిపించే ముఖం. ఎదుటి విమానం రన్‌వే ఖాళీ చేసిందా లేదా అని ఫ్లైట్ ఇంజనీర్ అనుమానంగా అడిగాడు. చేసిందని కెప్టెన్ గట్టిగా చెప్పాడు. అంతే, చర్చ ముగిసింది. మరుసటి ఏడాది డిసెంబర్‌లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ 173 విమానం ల్యాండింగ్ గేర్ సమస్యతో దాదాపు గంటసేపు గాల్లో తిరిగి తిరిగి, ఇంధనం అయిపోయి కూలింది. పదిమంది చనిపోయారు. ఇంధనం తగ్గుతోందని కాక్‌పిట్‌లోని మిగతా ఇద్దరికీ తెలుసు, సూచనగా అన్నారు కూడా. దర్యాప్తు సంస్థ కెప్టెన్‌ను తప్పుపట్టింది. ఆందోళనను అవతలివాడికి ఎక్కేలా చెప్పలేకపోయారని మిగతా సిబ్బందిని కూడా ప్రస్తావించింది. ఈ రెండో మాట చాలామందికి మింగుడుపడదు. కానీ ‘నేను చెప్పాను కదా’ అన్నది ఆఫీసుల్లో తప్పించుకోవడానికి వాడే మాటల్లో మొదటిది. నసిగి చెప్పినది, మెయిల్ చివర్లో ఒక ముక్కగా పెట్టినది చెప్పినట్టు లెక్కకు రాదు.

1979లో నాసా కాక్‌పిట్ సిబ్బంది కలిసి పనిచేసే తీరు మీద సదస్సు పెట్టింది. 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ మొదటి పూర్తిస్థాయి శిక్షణ మొదలుపెట్టింది. ఆ తొలి శిక్షణలు కార్పొరేట్ మేనేజర్ల వర్క్‌షాపుల నమూనాలోనే ఉండేవి: మీ వ్యక్తిత్వం ఏ రకం, మీ నాయకత్వ శైలి ఏమిటి, రండి ఒక ఆట ఆడదాం. పైలట్లు వాటిని ‘చార్మ్ స్కూల్’ అని ఎగతాళి చేశారు. అందులో తప్పేమీ లేదు. నలభై ఏళ్ల కెప్టెన్ స్వభావాన్ని రెండు రోజుల్లో మార్చడం ఎవరి వల్లా కాదు. తర్వాతి ఏళ్లలో ఆ శిక్షణ మనిషిని మార్చే ప్రయత్నం మానేసి, మాట తీరునూ పని పద్ధతినీ మార్చడం మీద పడింది. ఏ దశలో ఎవరు ఏం చెప్పాలి, విన్నవాడు ఏం చేయాలి, సిమ్యులేటర్‌లో అది ఎన్నిసార్లు సాధన చేయాలి. ఈ రోజు చాలా విమాన సంస్థల్లో నియమం సూటిగా ఉంటుంది: ఇద్దరిలో ఎవరు గో అరౌండ్ అన్నా విమానం పైకి లేవాల్సిందే. వాదన తర్వాత, నేల మీద. గో అరౌండ్ చేసినందుకు ఎవరినీ శిక్షించకూడదు.

హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో ఇప్పుడు జరిగే ‘కాన్‌ఫ్లిక్ట్ మేనేజ్‌మెంట్’ సెషన్లు చాలావరకు ఇంకా ఆ 1981 దశలోనే ఉన్నాయి. మధ్యాహ్నం భోజనం బాగుంటుంది, సర్టిఫికెట్ ఇస్తారు, సోమవారం అంతా మామూలే.

మాట తీరు విషయంలో కాక్‌పిట్ నుంచి ఆసుపత్రులకు కూడా పాకిన ఒక పద్ధతి ఉంది. అభ్యంతరాన్ని నాలుగు మెట్లలో పెంచుకుంటూ పోవడం. మొదట ఆరా, తర్వాత హెచ్చరిక, తర్వాత సూటిగా ఎదురు చెప్పడం, చివరికి చర్య. మన ఆఫీసు భాషలో ఇది ఎలా ఉంటుందో చూద్దాం. గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ టీమ్ అనుకోండి. శుక్రవారం సాయంత్రం ఏడు. రాత్రికే రిలీజ్ చేయాలని లీడ్ పట్టుమీద ఉన్నాడు, అవతల క్లయింట్ కాల్‌లో ఎదురుచూస్తున్నాడు. టెస్టింగ్ చూసే జూనియర్‌కు పేమెంట్ టెస్టులు రెండు ఫెయిలైనట్టు కనిపించింది.

‘అన్నా, పేమెంట్‌లో రెండు టెస్టులు ఫెయిలయ్యాయి, మీరు చూశారా?’ ఇది ఆరా. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. లీడ్ ‘ఆఁ, చూద్దాంలే’ అంటాడు, జూనియర్ బాధ్యత తీరిపోయిందనుకుంటాడు.

‘అన్నా, ఇలాగే రిలీజ్ చేస్తే కస్టమర్ అకౌంట్‌లో రెండుసార్లు డబ్బు కట్ అయ్యే ప్రమాదం ఉంది.’ ఇది హెచ్చరిక. ఇక్కడ తేడా గొంతు పెంచడంలో లేదు. జరగబోయే నష్టం ఏమిటో పేరు పెట్టి చెప్పడంలో ఉంది.

‘ఈ రాత్రికి ఆపుదాం అన్నా. సోమవారం పొద్దున్నే నేను దగ్గరుండి చేస్తాను. ఆపకూడదంటే కారణం చెప్పండి, నేను కూడా క్లయింట్‌కి అదే చెబుతాను.’ ఇది ఎదురు చెప్పడం. ఇందులో ప్రత్యామ్నాయం ఉంది, మర్యాద ఉంది, తప్పించుకునే సందు మాత్రం లేదు.

‘నేను అప్రూవల్ ఇవ్వట్లేదు. డెలివరీ మేనేజర్‌కి ఇప్పుడే ఫోన్ చేస్తున్నా, మీరు కూడా లైన్‌లోకి రండి.’ ఇది చర్య. ‘మీరు కూడా లైన్‌లోకి రండి’ అన్న చివరి ముక్క చిన్నదేమీ కాదు. వెనక నుంచి ఫిర్యాదు చేయడానికీ, ఎదురుగా నిలబడి పైవాళ్లను కలపడానికీ మధ్య తేడా అదే. ఆ ముక్క లేకపోతే సోమవారం నుంచి ఇద్దరికీ మాటలుండవు.

అయితే ఈ నాలుగో మెట్టు ఎక్కాలంటే అప్రూవల్ ఆపే అధికారం జూనియర్‌కు నిజంగా ఉండాలి. సిస్టమ్‌లో బటన్ అతని పేరు మీద ఉండాలి, వాడినందుకు అప్రైజల్‌లో దెబ్బ పడకూడదు. అది లేకుండా ‘ధైర్యంగా మాట్లాడండి’ అని పోస్టర్లు అంటించడం వల్ల ఒరిగేదేమీ ఉండదు. మేనేజర్‌ని పేరు పెట్టి పిలిచే సంస్కృతి వచ్చింది కాబట్టి హోదా భయం పోయిందనుకోవడం కూడా భ్రమే. పేరు పెట్టి పిలుస్తూనే రేటింగ్ కోసం నోరు మూసుకునేవాళ్లు ప్రతి అంతస్తులోనూ ఉంటారు.

ఇక గొడవ రకాల సంగతి. పని మీద గొడవ వేరు, మనిషి మీద గొడవ వేరని పరిశోధకులు 1990ల నుంచి విడదీసి చూస్తున్నారు. ఈ రంగంలో బాగా ఎక్కువగా ఉదహరించే పేరు కారెన్ జెన్. పని మీద విభేదం మంచిది, మనిషి మీద విభేదం చెడ్డది అని మొదట్లో అనుకున్నారు. 2003లో డి డ్రూ, వైన్‌గార్ట్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే రెండూ టీమ్ పనితీరును దెబ్బతీస్తున్నట్టే తేలింది. 2012లో మరింత పెద్ద విశ్లేషణ వచ్చింది. పని మీద విభేదం మనిషి మీద విభేదంతో ముడిపడనంతవరకు దాని వల్ల నష్టం తక్కువని, కొన్నిచోట్ల మేలు కూడా ఉందని అందులో తేలింది. కాబట్టి అసలు ప్రశ్న గొడవ పడాలా వద్దా అన్నది కాదు. మొదటి రకం రెండో రకంగా ఎక్కడ మారుతుందన్నది.

అది మారే చోట్లు ఆఫీసులో పనిచేసే ఎవరికైనా తెలుసు. ఇద్దరి మధ్య తేలాల్సిన విషయంలో పై మేనేజర్‌ని సీసీలో పెట్టినప్పుడు. ‘పైన చెప్పినట్టు’ అని మొదలయ్యే మెయిల్ వచ్చినప్పుడు. టీమ్ వాట్సాప్ గ్రూప్‌లో అందరి ముందూ ‘ఇది ఎవరి పని?’ అన్న ప్రశ్న పడినప్పుడు. సీసీ అన్నది సమాచారం కోసం పుట్టింది, మన దగ్గర సాక్ష్యం కోసం వాడతాం. ఒకసారి సాక్ష్యాల సేకరణ మొదలైతే అవతలివాడు కూడా సేకరిస్తాడు. అక్కడి నుంచి విషయం డేటాబేస్ గురించి కాదు, పరువు గురించి. దీనికి పనికొచ్చే ఉపాయం చాలా మామూలుది: మెయిల్ మూడోసారి అటూ ఇటూ తిరిగితే ఆపేసి ఫోన్ చేయడం, ఫోన్‌లో తేలినదాన్ని రెండు వాక్యాల్లో ఇద్దరి పేరు మీదా రాసి పంపడం. తేలకపోతే ‘ఇక్కడ మేమిద్దరం ఏకీభవించలేదు, కారణాలు ఇవి, నిర్ణయం మీది’ అని ఒకే మెయిల్ ఇద్దరూ కలిసి పైకి పంపడం. ఇద్దరూ కలిసి రాయాల్సి వస్తే అవతలివాడి వాదనను అతను ఒప్పుకునేలా రాయక తప్పదు. సగం గొడవలు ఆ రాతలోనే తేలిపోతాయి.

తప్పులు బయటపెట్టడం గురించి కూడా ఒక మాట. 1974 డిసెంబర్ 1న అమెరికాలో టీడబ్ల్యూఏ 514 విమానం వాషింగ్టన్ దగ్గర కొండను ఢీకొని 92 మంది చనిపోయారు. అదే చోట, అదే రకమైన అపార్థంతో అంతకు ఆరు వారాల ముందు ఇంకో సంస్థ విమానం త్రుటిలో తప్పించుకుంది. ఆ పైలట్లు తమ సంస్థలో చెప్పారు, లోపల అందరికీ తెలిసింది, బయటికి మాత్రం చేరలేదు. ఆ తర్వాతే 1976లో నాసా నిర్వహణలో ఒక వ్యవస్థ వచ్చింది. పైలట్లు తమ పొరపాట్లను తామే రాసి పంపుతారు, పేర్లు తీసేసి అందరికీ అందుబాటులో పెడతారు. విమానయానాన్ని నియంత్రించే సంస్థ చేతికి కాకుండా మూడో సంస్థ చేతికి ఇవ్వడంలోనే దాని కిటుకు ఉంది. శిక్షించే అధికారం ఉన్నవాడికి ఎవరూ నిజం రాసివ్వరు.

హార్వర్డ్ ప్రొఫెసర్ అమీ ఎడ్మండ్సన్ 1990లలో ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్ల మీద చేసిన అధ్యయనంలో తల తిరిగే ఫలితం వచ్చింది. మంచి టీమ్‌లుగా తేలిన వార్డుల్లోనే పొరపాట్ల సంఖ్య ఎక్కువగా నమోదైంది. లోతుగా చూస్తే, అక్కడ పొరపాట్లు ఎక్కువ జరగడం లేదు, నర్సులు ఎక్కువగా చెబుతున్నారు. మిగతా చోట్ల దాచేస్తున్నారు. ‘మా డిపార్ట్‌మెంట్‌లో అసలు గొడవలే లేవండీ’ అని గర్వంగా చెప్పే మేనేజర్‌ని చూస్తే ఈ అధ్యయనం గుర్తుకు రావాలి.

తట్టుకుని నిలబడటం, ఇప్పుడు అందరూ రిజిలియెన్స్ అంటున్నది, దీనికి బయటి విషయం కాదు. 1989 జూలై 19న యునైటెడ్ 232 విమానంలో తోక ఇంజన్ పేలి, మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ ఒకేసారి పోయాయి. అంటే విమానాన్ని తిప్పే మీటలేవీ పనిచేయవు. అలాంటి పరిస్థితికి చెక్‌లిస్టే లేదు. కెప్టెన్ ఆల్ హేన్స్ ప్రయాణికుల్లో కూర్చున్న ఇంకో పైలట్‌ని, డెనిస్ ఫిచ్‌ని, కాక్‌పిట్‌లోకి రానిచ్చాడు. నలుగురూ కలిసి మిగిలిన రెండు ఇంజన్ల పవర్ ఎక్కువ తక్కువ చేస్తూ అయోవా రాష్ట్రంలోని సూ సిటీ దాకా తెచ్చారు. దిగేటప్పుడు విమానం విరిగి మంటల్లో పడినా 296 మందిలో 184 మంది బతికారు. హేన్స్ తర్వాత ఎన్నో సభల్లో ఆ ఘనతను తన నైపుణ్యానికి ఇవ్వలేదు, ఆ కలిసి పనిచేసే శిక్షణకు ఇచ్చాడు. ఆ రోజు కాక్‌పిట్‌లో ఉన్న దృఢత్వం ఏ ఒక్కడి గుండె ధైర్యమో కాదు. ‘నాకు తెలియదు, నువ్వేమంటావ్?’ అని కెప్టెన్ అడగగలగడం మీద అది నిలబడింది.

ఒంటరి గుండె ధైర్యం గురించి కూడా పరిశోధన ఉంది, కాదనడానికి లేదు. అమెరికాలో బెల్ టెలిఫోన్ గుత్తాధిపత్యాన్ని ప్రభుత్వం విడగొట్టిన కాలంలో, ఇలినాయ్ బెల్ సంస్థలోని నాలుగు వందల మందికి పైగా మేనేజర్లను సాల్వటోర్ మాడీ బృందం ఏళ్ల తరబడి గమనించింది. ఆ కుదుపులో దాదాపు మూడింట రెండొంతుల మంది ఆరోగ్యం, పని, కుటుంబం ఏదో ఒక చోట దెబ్బతిన్నారు. మూడో వంతు నిలదొక్కుకున్నారు, కొందరు ఇంకా మెరుగయ్యారు. పనిలో మనసు పెట్టడం మానకపోవడం, తమ చేతిలో ఉన్నదేదో వెతుక్కోవడం, మార్పును పరీక్షగా తీసుకోవడం వీళ్లలో కనిపించాయి. ఈ అధ్యయనాన్ని ఉదహరించే శిక్షకులు ఆ మూడో వంతు గురించే చెబుతారు. మిగతా రెండొంతుల మంది గురించి మాట్లాడరు. మూడింట రెండొంతుల మందికి దెబ్బ తగిలిందంటే లోపం ఆ మనుషుల్లో ఉందనడం కష్టం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ని వర్గీకరించినప్పుడు దాన్ని జబ్బుగా పెట్టలేదు. సరిగ్గా సంభాళించని పని ఒత్తిడి నుంచి వచ్చే, ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా పెట్టింది. తేడా ముఖ్యమైనది. జబ్బయితే రోగి మందు వేసుకోవాలి. ఇక్కడ పని తీరు మారాలి. రాత్రి పదకొండుకు క్లయింట్ కాల్, పొద్దున తొమ్మిదికి స్టాండప్ మీటింగ్, మధ్యలో టెన్షన్‌తో నిద్రపట్టని మనిషికి కంపెనీ ఉచితంగా ఇచ్చే ధ్యానం యాప్ చేసేది తక్కువ. మంగళూరు కెప్టెన్ ఆ ప్రయాణంలో గంటన్నరకు పైగా నిద్రపోయాడని, లేచాక ఆ మత్తు అతని నిర్ణయాల మీద పనిచేసి ఉండొచ్చని విచారణ పేర్కొంది. అలసిన మనిషికి ఎవరి అభ్యంతరమైనా అవమానంలాగే వినిపిస్తుంది. టీమ్‌లో గొడవలు పెరిగాయంటే ముందు చూడాల్సింది వాళ్ల స్వభావాలు కాదు, గత నెల రోస్టర్.

మన చట్టాల్లో ఇందుకు కొంత ఏర్పాటు ఉంది. 20 మంది లేదా అంతకంటే ఎక్కువ కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యాజమాన్యం, కార్మికుల ప్రతినిధులు సమానంగా ఉండాలి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఫిర్యాదును 30 రోజుల్లో తేల్చాలి. మేనేజర్ స్థాయి ఉద్యోగులు ఆ కోడ్‌లోని కార్మికుల నిర్వచనంలోకి రారు. కాబట్టి ఆఫర్ లెటర్‌లో హోదా ఏమని రాశారో, చేసే పని నిజంగా ఏమిటో రెండూ చూసుకోవాలి.

పైన చెప్పిన మెట్లు, కలిసి రాసే మెయిల్, సర్దుబాటు, ఇవన్నీ పని మీద వచ్చే విభేదాలకు. లైంగిక వేధింపు వీటి కిందికి రాదు. దాన్ని ‘ఇద్దరి మధ్య అపార్థం’గా మార్చి టీ ఇప్పించి కలిపే పెద్దమనుషులు ప్రతి ఆఫీసులోనూ దొరుకుతారు. 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఉన్న ఏ సంస్థలోనైనా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు ఉండాలి, బయటి వ్యక్తి ఒకరుండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. రాజీ అన్నది ఫిర్యాదు చేసిన మహిళ అడిగితేనే, అది కూడా డబ్బు ప్రాతిపదికన కుదరదు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. హెచ్‌ఆర్‌లో ఎవరైనా ‘ముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి’ అంటే, ఆ రోజు తేదీ రాసిపెట్టుకుని ఫిర్యాదు కమిటీకే ఇవ్వడం మంచిది.